కలకత్తా నుండి కాల్నాకు: సైకిలుపై ఒక పగలు

1926 డిసెంబరు 12వ తేదీన కలకత్తా టౌన్‌హాలు నుండి నలుగురు బెంగాలీ యువకులు సైకిళ్లపై బయలుదేరారు. వారు అశోక్ ముఖర్జీ, ఆనంద ముఖర్జీ, మణీంద్ర ఘోష్, బిమల్ ముఖర్జీ. వారు పోదలచినది పొరుగూరికి కాదు. ప్రపంచమంతా చుట్టిరావాలన్నది వారి సంకల్పం. దారిలో సహచరులు విడిపోయినా బిమల్ ముఖర్జీ ఒంటరిగా యాత్ర సాగించి, 1937లో స్వదేశానికి తిరిగివచ్చారు. ఆ అనుభవాలను ఆయన ‘దు చాకాయ్ దునియా’, అనగా ‘రెండు చక్రాలపై ప్రపంచం’ అన్న పేరుతో గ్రంథస్థం చేశారు.

అంతకుముందే ఆ నగరానికి సైకిలుతో మైత్రి ఏర్పడింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో హేమేంద్ర మోహన్ బోస్ అనే వ్యాపారి హారిసన్ రోడ్డులో సైకిళ్ల దుకాణం నడిపేవాడు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహా శాస్త్రజ్ఞులకు, ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కార్‌కు సైకిలు తొక్కడం నేర్పినది ఆయనే అంటారు. మొక్కలలోని స్పందనను లోకానికి చాటిన ఆచార్యుడు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకొని, పడిపోకుండా ఉండడానికి తంటాలుపడుతున్న దృశ్యాన్ని ఊహించుకుంటే ఎవరికైనా చిరునవ్వు రాక మానదు.

అటువంటి నగరంలోనే 2013లో 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. పాలు, చేపలు, దినపత్రికలు ఇంటింటికీ చేర్చేవారి జీవనాధారానికే ముప్పు వచ్చినది. నిరసనలు చెలరేగిన మీదట ఆ సంఖ్యను 62కు తగ్గించారు. అయితే అదే రాష్ట్రంలో 2015లో ‘సబుజ్ సాథీ’ అన్న పథకం మొదలైనది. తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక పాఠశాలల్లో చదివే బాలబాలికలకు సైకిళ్లు పంచిపెట్టే ఆ పథకం క్రింద పంపిణీ అయిన సైకిళ్ల సంఖ్య కోటి దాటింది. నగరం కాదన్న వాహనాన్ని పల్లె నెత్తిన పెట్టుకున్నదన్నమాట. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమెంతో తెలుసుకోవాలంటే సైకిలు మీద పోవడమే మంచి మార్గం.

పన్నెండుమంది

భాగీరథీ నది వెంబడి కలకత్తా నుండి ముర్షిదాబాద్ వరకు నాలుగు రోజుల సైకిలు యాత్ర మాది. డిసెంబరు నెల. మొత్తం పన్నెండుమందిమి. బెంగాలీలు ఏడుగురు, తెలుగువారము ముగ్గురము, ఒక ఒరియా దంపతుల జంట. మా నాయకురాలు భూగోళశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయిని. వయస్సుతో నిమిత్తం లేకుండా అందరూ ఆమెను ‘దీదీ’ అని పిలిచేవారు. మొదటి దినం గమ్యం పూర్వ బర్ధమాన్ జిల్లా తూర్పు అంచున నదీతీరాన ఉన్న అంబికా కాల్నా. మేము పోదలచిన దారిన దూరం దాదాపు 90 కిలోమీటర్లు.

మాలో అందరికంటె పెద్దవారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పెద్దమనిషి. వయస్సు అరవైయేడు. మేము ‘బాబాయి గారూ’ అంటే, బెంగాలీలు ‘కాకాబాబు’ అనేవారు. యువకులందరూ ఇరవై గేర్ల సన్నని సైకిళ్లు తెచ్చుకుంటే, ఆయన మాత్రం తన పాత సెన్-ర్యాలీ సైకిలును నూనె పెట్టి, తుడిచి, తళతళలాడేటట్లు చేసి తెచ్చారు. ఆసన్‌సోల్ దగ్గర కన్యాపుర్‌లో ఒకప్పుడు తయారయిన సైకిలది. ఆ కర్మాగారం తరువాత ప్రభుత్వం చేతికి పోయి, చివరకు మూతపడింది. ఆయన సైకిలు మాత్రం మూతపడలేదు.

ఈ యాత్రకు ఎందుకు వచ్చారని అడిగితే ఆయన క్లుప్తంగా చెప్పారు. భార్యకు కాల్నాలోని నూట ఎనిమిది శివాలయాలను చూడాలని ఎంతో కోరిక ఉండేదట. “రైలెక్కితే ఒక్క పూట ప్రయాణం కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ ముప్పై ఏండ్లు గడిపేశాము. రెండేండ్ల క్రిందట ఆమె వెళ్లిపోయింది” అన్నారు. అంతకంటె ఆయన ఏమీ చెప్పలేదు, మేమూ అడుగలేదు.

వంతెన దాటిన తరువాత

తూర్పు దేశంలో డిసెంబరు సూర్యుడు తొందరపాటు మనిషి. మన విజయవాడలో ఇంకా ఎండ ఉండగానే, సాయంకాలం అయిదు కాకముందే, ఇక్కడ అస్తమిస్తాడు. అందుచేత వెలుగు ఉండగా తొంభై కిలోమీటర్లు పోవాలంటే చీకటిలోనే బయలుదేరక తప్పదు. శ్యామ్‌బజార్ దగ్గర అయిదు గంటలకు కలుసుకున్నాము. మంచు పొగ వలె కమ్ముకొని ఉన్నది. చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న పాలవాళ్లు క్యాన్లను ఇరుప్రక్కల వ్రేలాడదీసుకొని మాకు ఎదురుగా నగరంలోకి పోతున్నారు. నగరం నుండి బయటకు పోతున్న సైకిళ్లు మావి మాత్రమే.

దక్షిణేశ్వరం గుడి గోపురాలు మంచులో లీలగా గోచరిస్తుండగా బాలీ వంతెన ఎక్కాము. 1931లో పూర్తయిన ఈ వంతెనకు మొదట విల్లింగ్డన్ ప్రభువు పేరు. ఇప్పుడు వివేకానంద సేతువు. రైలుమార్గం, రోడ్డు పక్కపక్కనే సాగుతాయి. మా పక్కనుంచి ఒక లోకల్ రైలు పోతుంటే వంతెన అంతా కంపించింది. క్రింద హుగ్లీ నది నిశ్చలంగా ఉన్నది.

ఆవలి ఒడ్డున గ్రాండ్ ట్రంక్ రోడ్డు చేరుకున్నాము. పదహారవ శతాబ్దిలో షేర్‌షా తీర్చిదిద్దిన మహామార్గంతో పేరు ముడిపడిన రోడ్డు ఇది. పేరు మహామార్గమే గాని, ఈ భాగంలో అది ఇరుకైన బజారు వీధి. లారీలు, టోటోలని పిలిచే బ్యాటరీ రిక్షాలు, చేపలబుట్టలు, ఆవులు అన్నీ దానికి వారసులే. వరుసలో పోయే సైకిలు బృందానికి ఇక్కడ ఒక భాష కావాలి. ముందున్నవాడు గుంతను చూస్తే చేయి క్రిందికి చూపుతాడు. ఆ సంజ్ఞ ఒకరినుండి ఒకరికి చివరివరకు పోతుంది. వెనుకనుండి లారీ వస్తే చివరివాడు కేక వేస్తాడు. ఆ కేక ముందుకు పోతుంది. పన్నెండుమందికి ఇరవైనాలుగు కన్నులు అన్నమాట అక్షరాలా నిజమవుతుంది.

ఏడు దాటేసరికి శ్రీరాంపుర్ చేరాము. 1755 నుండి 1845 వరకు ఈ పట్టణం డెన్మార్కు దేశస్థుల అధీనంలో ఉండేది. ఫ్రెడెరిక్ రాజు పేర దీనిని ఫ్రెడెరిక్స్‌నగర్ అనేవారు. 1806లో పూర్తయిన సెయింట్ ఓలావ్ ప్రార్థనాలయం శిథిలావస్థకు చేరగా ఇటీవలి కాలంలో జాగ్రత్తగా పునరుద్ధరించారు. ఆ పనికి 2016లో యునెస్కో పురస్కారం లభించింది.

తెలుగువారికి ఈ ఊరు మరొక కారణం చేత స్మరణీయం. 1800లో ఇక్కడ విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అన్న మిషనరీలు స్థాపించిన ముద్రణాలయం అనేక భారతీయ భాషలలో గ్రంథాలు అచ్చువేసింది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో ఇక్కడే వెలువడ్డాయి. తెలుగు అచ్చు తొలిరోజుల చరిత్రలో ఒక అధ్యాయం గోదావరి ఒడ్డున గాక గంగ ఒడ్డున నడిచింది. కాలేజీ గేటు ముందు మట్టి ముంతలలో టీ త్రాగుతూ ఈ సంగతి చెప్పినప్పుడు మా బెంగాలీ మిత్రులు ఆశ్చర్యపోయారు. నిజానికి తెలుగువారికే ఎక్కువమందికి తెలియదు.

జనపనార వాడలో తెలుగు మాట

శ్రీరాంపుర్‌కు దక్షిణాన మేము దాటివచ్చిన రిష్రాలోనే 1855లో జార్జి ఆక్లండ్ భారతదేశపు మొదటి జనపనార మిల్లు పెట్టాడు. అక్కడినుండి ఉత్తరంగా ఒడ్డు వెంబడి పొగగొట్టాలే ఆనవాళ్లు. ఎర్ర ఇటుక ప్రహరీలు, కార్మికుల ఇరుకు గదుల వరుసలు, మధ్య మధ్య మూతపడిన గేట్లు. ఈ మిల్లులకు బీహారునుండి, సంయుక్త రాష్ట్రాలనుండి, ఒరిస్సానుండి వలెనే మన గంజాం, విశాఖపట్నం జిల్లాలనుండి కూడ వేలాదిమంది వలసవచ్చారు. ఈ ఒడ్డున భద్రేశ్వర్ వైపునను, ఆవలి ఒడ్డున టిటాగఢ్, కాంకినారాలలోను తెలుగు వాడలు అట్లా వెలసినవే.

భద్రేశ్వర్ దగ్గర పూరీ కూర తినడానికి ఆగాము. బాబాయి గారు నాతో తెలుగులో ఏదో అంటుండగా, పక్క బల్లమీద కూర్చున్న ఒక వృద్ధుడు తల ఎత్తాడు.

“తెలుగోళ్లేనా బాబూ? ఏ ఊరు మీది?”

ఆ యాస శ్రీకాకుళానిది. ఆయన తాత ఇచ్ఛాపురం అవతలినుండి వచ్చాడట. తండ్రి, తాను మిల్లులోనే పనిచేశారు. కొడుకు గుజరాతుకు పోయాడు. మనుమలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ మాట్లాడతారు. బయట గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిలును చూపించాడు.

“నలభై ఏళ్లు దీనిమీదే డ్యూటీకి పోయినాను. సైరను కూసే లోపల గేటు దాటాల. లేకపోతే ఆ పూట కూలి లేదు. ఇంతకీ మీరేటి బాబూ, సరదాకి తొక్కుతున్నారా?”

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, కేవలం ఆశ్చర్యమే. మాలో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. బాబాయి గారు మాత్రం ఆ నల్ల సైకిలు దగ్గరకు పోయి వంగి, చైను వ్రేలితో ఒత్తి చూసి, “కొంచెం వదులయింది, రెండు నిమిషాలు” అని తన సంచిలోనుండి రెంచీ తీశారు. వెనుక చక్రం నట్లు సడలించి, చక్రాన్ని వెనక్కు లాగి, చైను బిగించి, మరల నట్లు బిగించారు. ఆ వృద్ధుడు పెడలు త్రిప్పి చూసి తృప్తిగా తల ఆడించాడు. సరదాకు తొక్కేవారికి, బ్రతుకు కోసం తొక్కినవారికి మధ్య ఉన్న దూరం ఆ రెండు నిమిషాలలో ఎంతో కొంత తగ్గిందని నాకు అనిపించింది.

అయిదు జాతుల ఒడ్డు

కలకత్తా నుండి బాండెల్ వరకు ఉన్న నలభై కిలోమీటర్ల నదీతీరంలో ఎన్ని యూరపు జాతులు కాలూనాయో లెక్కిస్తే విస్మయం కలుగుతుంది. కలకత్తాలో ఇంగ్లీషువారు, శ్రీరాంపుర్‌లో డేనులు, చందన్‌నగర్‌లో ఫ్రెంచివారు, చిన్‌సురాలో డచ్చివారు, హుగ్లీ-బాండెల్‌లలో పోర్చుగీసువారు. రైలులో ఇవి వరుసగా పోయే స్టేషన్ల పేర్లు మాత్రమే. సైకిలు మీద ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వాసన, ఒక్కొక్క వీధి వంపు తెలుస్తాయి.

చందన్‌నగర్ స్ట్రాండ్ రోడ్డు చేరగానే, అంతవరకు రణగొణధ్వని చేసిన ప్రపంచం హఠాత్తుగా శాంతించింది. నది ప్రక్కన చెట్లనీడన వెడల్పైన నడకదారి. ఉదయపు నడకకు వచ్చిన వృద్ధులు. పూర్వం ఫ్రెంచి పరిపాలకులు నివసించిన భవనంలో నేడు మ్యూజియం. యానాం కథ తెలిసిన మనకు ఈ ఊరి కథ కొత్తగా తోచదు. 1949లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఇక్కడి జనం భారతదేశంలో చేరాలని తీర్పు ఇచ్చారు. 1950లో పాలన మన చేతికి వచ్చింది. 1954లో ఈ ఊరు పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. యానాం పాలన మన చేతికి వచ్చినదీ అదే ఏడాదే.

ఈ ఊరి జలభరా సందేశ్ తినకుండా పోవడం అపచారమని దీదీ తీర్మానించారు. పైకి మామూలు పాలకోవా వలె కనిపించే ఆ మిఠాయిని కొరికితే లోపలినుండి పన్నీరు చిమ్ముతుంది. అత్తవారింట కొత్త అల్లుణ్ణి ఏడిపించడానికి ఒక జమీందారు ఇంటివారు సూర్యకుమార్ మోదక్ అనే మిఠాయివాని చేత దీనిని మొదట చేయించారని చెప్పుకుంటారు. అల్లుళ్లను ఆటపట్టించడంలో మనకూ, బెంగాలీలకూ భేదం లేదు.

1825లో డచ్చివారు ఇంగ్లీషువారికి అప్పగించిన చిన్‌సురాను, 1861లో పూర్తయిన హుగ్లీ ఇమాంబరా గడియార స్తంభాన్ని దాటి బాండెల్ చేరాము. హాజీ మహమ్మద్ మొహసిన్ అన్న దాత తన యావదాస్తినీ ధర్మకార్యాలకు వ్రాసి ఇచ్చి 1812లో కన్నుమూశాడు. ఈ ఇమాంబరా, ఊరిలోని కళాశాల ఆ ధనంతో వెలసినవే. 1854 ఆగస్టు 15న హౌరా నుండి బయలుదేరిన తూర్పు భారతపు మొదటి రైలుబండి ఈ హుగ్లీకే వచ్చింది. ఆనాడు 24 మైళ్లను అది గంటన్నర కాలంలో పూర్తిచేసింది. మేము పలహారాలు, ఫోటోలు, ఒక పంక్చరు కలుపుకొని అయిదున్నర గంటలు తీసుకున్నాము.

త్రివేణి దగ్గర చర్చ

బాంస్‌బేరియాలో హంసేశ్వరి ఆలయం మా దారిలో మొదటి గొప్ప దేవాలయం. తామరమొగ్గల వంటి పదమూడు శిఖరాలతో, బెంగాలులో మరెక్కడా కనబడని ఆకృతితో ఉంటుంది. రాజా నృసింహదేవుడు మొదలుపెట్టిన ఈ ఆలయాన్ని ఆయన మరణానంతరం రాణి శంకరి 1814లో పూర్తిచేయించింది. దాని ప్రక్కనే 1679 నాటి అనంత వాసుదేవాలయం. గోడలంతా కాల్చిన మట్టి పలకల మీద చెక్కిన శిల్పాలు. రాయి దొరకని నేలలో శిల్పులు మట్టినే రాయిగా మార్చుకున్నారు.

త్రివేణి చేరేటప్పటికి పన్నెండున్నర దాటింది. ప్రయాగలో మూడు నదులు కలిస్తే, ఇక్కడ భాగీరథి నుండి సరస్వతి, జమున అన్న పాయలు విడిపోయేవి. అందుచేత ప్రయాగను యుక్తవేణి అని, దీనిని ముక్తవేణి అని అంటారు. ఆ పాయలు రెండూ ఇప్పుడు చిక్కి శల్యమయ్యాయి.

నదులు విడిపోయే ఆ చోటనే మా బృందం కూడ విడిపోయే పరిస్థితి వచ్చింది. బాబాయి గారు చాలా వెనుకబడ్డారు. ఆయన ఘాటు మెట్ల దగ్గరకు వచ్చేసరికి అందరి భోజనాలు సగమయ్యాయి. ముఖం వాడిపోయింది, మోకాలు పట్టుకుంటున్నది. ఇంకా ముప్పైఅయిదు కిలోమీటర్లున్నది. ఉన్న వెలుగు నాలుగు గంటలు. పైగా శీతాకాలపు ఉత్తరపు గాలి సూటిగా ఎదురుకొడుతున్నది.

కలకత్తాలో ఇంజనీరుగా ఉన్న ఒక యువకుడు మర్యాదగానే, కాని స్పష్టంగా, “చీకటిపడితే ఆ రోడ్డుమీద ఇసుక లారీలు తిరుగుతాయి. ఒక్కరి కోసం పదకొండుమంది ప్రమాదంలో పడడం న్యాయమా?” అన్నాడు. ఆ మాట తీసిపారవేయదగినది కాదు. బాబాయి గారు దానిని మరింత సులభం చేశారు. “బాబు చెప్పినది నిజమే. కాట్వా లైనులో లోకల్ ఉన్నది. సైకిలుతో సహా రైలెక్కి కాల్నా చేరుకుంటాను. రైలు నాకు కొత్తా?” అని నవ్వారు. ఆ నవ్వు ఎవరినీ నవ్వించలేదు.

దీదీ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఆమె అడిగినది ఒక్కటే ప్రశ్న: “కాకాబాబు, అలసట కాళ్లలోనా, గుండెలోనా?” ఛాతీలో నొప్పి గాని, ఆయాసం గాని ఉన్నదేమో విడమరచి అడిగారు. అట్టిదేమీ లేదని, మోకాలు మాత్రమే బిగుసుకుపోయిందని ఆయన చెప్పిన మీదట అరగంట విశ్రాంతి, ఉప్పు కలిపిన నిమ్మరసం, సీటు ఒక అంగుళం ఎత్తు పెంచడం అన్న మూడు చికిత్సలు నిర్ణయించారు. పొట్టి సీటుమీద కూర్చున్నవాని మోకాలు ప్రతి తొక్కుకూ ఎక్కువగా వంగుతుంది. బాధ సగం అక్కడే పుడుతుంది.

ఆపైన ఆమె వరుస మార్చారు. ఎదురుగాలిలో మొదటివాడు పడే శ్రమలో నాలుగోవంతుకు పైగా వెనుకవానికి తప్పుతుంది. అంతవరకు బలవంతులు ముందుకు దూసుకుపోతూ, బలహీనులు ఒంటరిగా గాలితో పోరాడుతూ వచ్చాము. ఇప్పుడు ఇద్దరు బలవంతులు ముందు, వారి వెనుకనే బాబాయి గారు, తరువాత తక్కినవారు. వేగం ఎంత ఉండాలో చెప్పేది ఆయన. గాలిని ఎదుర్కొనేది ముందున్నవారు. “అయిదు గంటలకు గుప్తిపాడా దాటకపోతే అందరమూ రైలే ఎక్కుదాము, అందరమూ” అని ఆమె ముగించారు. ముందు నిలబడడానికి మొదట వచ్చినవాడు ఆ యువ ఇంజనీరే.

పల్లెలలోనికి

త్రివేణి తరువాత పట్టణాలు విడిచిపెడతాయి. సప్తగ్రామం, త్రివేణి, కాల్నా, కాట్వాల పేర్ల మొదటి అక్షరాలతో ఎస్.టి.కె.కె. అని పిలిచే ఈ రోడ్డుకు ఒకవైపు రైలుపట్టాలు, ఇంకొకవైపు కనబడీ కనబడక నది. ఆమన్ వరి కోతలు ముగిసి, కుప్పలు పడ్డాయి. కోసిన పొలాలలోనే బంగాళాదుంప బోదెలు పచ్చగా లేచాయి. హుగ్లీ జిల్లా బంగాళాదుంపకు పెట్టింది పేరు. బలాగఢ్ వైపు సుఖ్‌సాగర్ రకపు ఉల్లినారు నాటుతున్నారు. ఆవపొలాలు అక్కడక్కడ పసుపు పులిమినట్లున్నాయి. ఇండ్ల ముందు ఎండిన జనపపుల్లలు డేరాల వలె నిలబెట్టి ఉన్నాయి. వంటకు అవే కట్టెలు, దడికి అవే కర్రలు.

ఈతచెట్ల మెడలకు మట్టికుండలు వ్రేలాడుతున్నాయి. మన పల్లెలలో ఆ కుండను చూస్తే కల్లు గుర్తువస్తుంది. బెంగాలులో తెల్లవారుజామున దింపిన ఆ రసాన్ని పెద్ద పళ్లెములలో కాచి, ‘నొలెన్ గుడ్’ అనే కొత్తబెల్లం తయారుచేస్తారు. ఒక పాక ముందు ఆగితే ఒక గృహిణి అరటాకు ముక్కమీద వెచ్చని బెల్లం పెట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పన్నెండుమందికి పెట్టి, పదమూడవ ముక్కను బాబాయి గారి చేతిలో రెండవసారి పెట్టింది. ముసలివారికి ఎక్కడైనా రెండవ వడ్డన ఉంటుంది.

శ్రీపుర్-బలాగఢ్ దగ్గర రోడ్డు ప్రక్కనే నాటుపడవలు తయారుచేసే పాకలు. తరతరాలుగా ఇక్కడి వడ్రంగులకు ఇదే వృత్తి. సగం పూర్తయిన పడవ పక్కటెముకలు తేలిన చేప వలె బోర్లించి ఉన్నది. పడవలు చేసే ఈ గడ్డనే నది కోసివేస్తున్నది. ఒడ్డు విరిగి పొలాలు, ఇండ్లు నీటిపాలు కావడం ఇక్కడి వారికి ఏటేటా ఎదురయ్యే కష్టం.

నాలుగు గంటల ప్రాంతాన బడులు విడిచారు. నీలిరంగు, ఆకుపచ్చరంగు సైకిళ్లపై బాలికలు గుంపులు గుంపులుగా వచ్చి మాతో కలిశారు. సబుజ్ సాథీ సైకిళ్లవి. ఒక పిల్ల బాబాయి గారి ప్రక్కన సైకిలు నడుపుతూ, “దాదూ, ఎక్కడికి?” అన్నది. “కాల్నాకు తల్లీ!” అన్నారు ఆయన. “ఇదిగో, దగ్గరే!” అని ఆ పిల్ల హామీ ఇచ్చి, తన ఊరి మలుపులో గంట కొట్టి పోయింది. దగ్గరేమీ కాదు, అయినా ఆ మాట మాకు అరకిలోమీటరు తగ్గించినంత పని చేసింది. పై తరగతి చదువుకు మూడు నాలుగు మైళ్లు నడవలేక బడి మానిన ఆడపిల్లలు ఒకప్పుడు ఎందరో. ఆ దూరాన్ని ఒక సైకిలు ఇరవై నిమిషాలు చేసింది.

గుప్తిపాడా చేరేసరికి నాలుగు ఇరవై. బృందావన చంద్రుని ఆలయ ప్రాంగణం, అందులోని రామచంద్రాలయపు మట్టిపలకల శిల్పాలు చూసి తీరవలసినవే. కాని మాకు పది నిమిషాలే వ్యవధి. ఈ ఊరికి మరొక ఖ్యాతి ఉన్నది. ధనవంతుల ఇండ్లలో మాత్రమే జరిగే పూజను పద్దెనిమిదవ శతాబ్దిలో ఇక్కడి పన్నెండుమంది మిత్రులు చందాలు పోగుచేసి ఊరుమ్మడిగా జరిపారట. ‘బారో’ అంటే పన్నెండు. ‘యార్’ అంటే మిత్రుడు. నేడు బెంగాలంతటా వీధివీధినా జరిగే ‘బారోవారి’ పూజలకు ఆ పేరు అట్లా వచ్చిందంటారు. “మనమూ పన్నెండుమందిమే కదా” అని ఎవరో అన్నారు. ఇంజనీరు యువకుడు బాబాయి గారి సీసాలో నీరు నింపి తెచ్చి ఇచ్చాడు.

చివరి పది కిలోమీటర్లలో మాటలు ఆగిపోయాయి. గొలుసుల చప్పుడు, పొలాలపై దిగుతున్న పొగమంచు, పడమట ఎర్రని బింబం మాత్రమే మిగిలాయి. ముందున్న ఇద్దరూ అలసిపోయినప్పుడు ప్రక్కకు తప్పుకునేవారు. వెనుకనుండి మరి ఇద్దరు వచ్చి గాలికి అడ్డు నిలిచేవారు. వరుస మధ్యనుండి బాబాయి గారు “కొంచెం నెమ్మది” అనో, “ఇక పోనివ్వండి” అనో అంటుండేవారు. చిత్రమేమంటే ఉదయం ఎవరికి వారు పోయినప్పటికంటె ఇప్పుడే మా సగటు వేగం ఎక్కువగా ఉన్నది. సూర్యుడు అస్తమించిన కొద్ది నిమిషాలకు, దీపాలు వెలుగుతుండగా, పన్నెండు సైకిళ్లూ ఒకే వరుసలో కాల్నా బజారులో ప్రవేశించాయి.

నూట ఎనిమిది

మరునాడు ఉదయం ప్రయాణం కొనసాగించక ముందు శివాలయాలకు పోయాము. 1809లో బర్ధమాన్ మహారాజు తేజచంద్రుడు కట్టించిన ఈ ఆలయాలు రెండు వలయాలుగా ఉన్నాయి. బయటి వలయంలో డెబ్బైనాలుగు, లోపలి వలయంలో ముప్పైనాలుగు. బయటి గుళ్లలో ఒకటి నలుపు, ఒకటి తెలుపుగా శివలింగాలు, లోపలివన్నీ తెల్లనివి. మొత్తం నిర్మాణం ఒక జపమాల. నల్లనిదీ తెల్లనిదీ దాటుకుంటూ నడిచినవాడు చివరకు కేవలం తెలుపును చేరతాడని దాని భావం కాబోలు.

బాబాయి గారు ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి తల వంచి, తరువాత దానికి కదిలారు. మోకాలు ఇంకా కొంచెం కుంటుతూనే ఉన్నది. నూట ఎనిమిదీ పూర్తి కావడానికి గంటకు పైగా పట్టింది. బయట సైకిళ్లకు సామాను కట్టి సిద్ధంగా ఉన్న పదకొండుమందిలో ఒక్కరూ గడియారం వంక చూడలేదు.

సైకిలు యాత్రకు పోదలచినవారికి గాలి పంపు, పంక్చరు సామాగ్రి, తగిన సీటు ఎత్తు, దాహం వేయకముందే నీరు త్రాగడం వంటి సలహాలు ఎవరైనా చెబుతారు. ఒకటి మాత్రం దారి మీదనే నేర్చుకోవాలి. బృందం బలం ముందున్నవాని కాళ్లలో లేదు. వెనుకవానికి ఎదురుగాలి తగలకుండా వరుసను అమర్చుకోవడంలో ఉన్నది. రోడ్ల విషయమైనా అంతే. లారీకి, మోటారుకు చోటిచ్చి, పాలవానిని, మిల్లు కార్మికుని, బడిపిల్లను అంచులకు నెట్టే రోడ్డుమీద కొందరు వేగంగా పోగలరేమో. అందరూ గమ్యం చేరలేరు.